ప్లగ్-ఇన్ హైబ్రిడ్ లగ్జరీ సెడాన్ కొనేముందు టెస్ట్ డ్రైవ్ ఎలా చేయాలి

అమెరికాలో డీలర్ దగ్గర టెస్ట్ డ్రైవ్ అంటే మామూలుగా జరిగేది తెలిసిందే. లైసెన్స్ కాపీ తీసుకుంటారు. సేల్స్ మనిషి పక్క సీట్లో కూర్చుంటాడు. నాలుగు రైట్ టర్న్‌లు తిప్పించి పావుగంటలో మళ్ళీ లాట్‌లోకి తెచ్చేస్తాడు. మామూలు పెట్రోల్ కారుకి ఆ మాత్రం చాలనుకోవచ్చు. గోడకి ప్లగ్ చేసి ఛార్జ్ చేసుకునే బ్యాటరీ, మోటారుతో పాటు పెట్రోల్ ఇంజన్ కూడా ఉండే ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌కి చాలదు. బ్యాటరీలో ఛార్జ్ ఉన్నప్పుడు ఆ కారు ఒకలా ఉంటుంది, మధ్యలో ఇంజన్ అందుకునేటప్పుడు ఇంకోలా ఉంటుంది, బ్యాటరీ అయిపోయాక మరోలా ఉంటుంది. డీలర్ చూపించేది ఈ మూడింట్లో ఏదో ఒకటి. మీరు నెలనెలా డబ్బు కట్టేది మాత్రం మూడింటికీ.

ఇక్కడ ప్రధానంగా బీఎండబ్ల్యూ 550ఈ ఎక్స్‌డ్రైవ్‌ని దృష్టిలో పెట్టుకుని చెబుతున్నాను. మూడు లీటర్ల ఆరు సిలిండర్ల టర్బో ఇంజన్, గేర్‌బాక్స్‌లోనే కూర్చున్న మోటారు, రెండూ కలిసి 483 హార్స్‌పవర్. ఈపీఏ (అమెరికా పర్యావరణ సంస్థ) లెక్కలో కరెంటు మీద 34 మైళ్ళు. మెర్సిడెస్ ఎస్ 580ఈ, సెకండ్ హ్యాండ్‌లో దొరికే వోల్వో ఎస్90 టీ8 ఎక్కడ తేడాగా ప్రవర్తిస్తాయో అక్కడ వాటి మాట కూడా వస్తుంది.

ముందు మీ గరాజ్, మీ కరెంటు బిల్లు

షోరూమ్‌కి వెళ్ళేముందు ఒక ప్రశ్న తేల్చుకోండి: రోజూ రాత్రి ఈ కారుని ఎక్కడ ప్లగ్ చేస్తారు? అపార్ట్‌మెంట్‌లో ఉండి, ఆఫీసులో కూడా ఛార్జర్ లేకపోతే ఈ కారు మీకు వద్దు. మొహమాటం లేకుండా చెబుతున్నాను. బ్యాటరీ బరువు మోసుకుంటూ పెట్రోల్ మీద తిరగడానికి అంత డబ్బు పోయడం దండగ. అలాంటివాళ్ళు లెక్సస్ ఈఎస్ 300హెచ్ లాంటి మామూలు హైబ్రిడ్ చూసుకోండి. ప్లగ్ గొడవ లేకుండా 40 ఎంపీజీ (గ్యాలన్‌కి మైళ్ళు) పైనే ఇస్తుంది.

ఇంట్లో ఛార్జింగ్ ఉందనుకుందాం. 550ఈ బ్యాటరీలో వాడుకోగలిగేది 19.4 కిలోవాట్ అవర్లు, అంటే మన కరెంటు బిల్లు భాషలో 19.4 యూనిట్లు. ఛార్జింగ్‌లో పోయే వృథా కలుపుకుంటే గోడ నుంచి 21, 22 యూనిట్లు లాగుతుందనుకోండి. డాలస్ వైపు యూనిట్ 15 సెంట్లకి దొరికితే 34 మైళ్ళకి మూడు డాలర్ల పావలా. బే ఏరియాలో 40 సెంట్ల రేటు తగిలితే అదే ఛార్జ్‌కి ఎనిమిదిన్నర పైన. ఇప్పుడు పెట్రోల్ వైపు చూడండి. బ్యాటరీ లేకుండా ఈ కారు ఇచ్చేది 25 ఎంపీజీ దరిదాపు, కాబట్టి 34 మైళ్ళకి దాదాపు 1.36 గ్యాలన్లు, అదీ ప్రీమియం. గ్యాలన్ అయిదు డాలర్లయినా ఆరు డాలర్ల ఎనభై సెంట్లు. అంటే కాలిఫోర్నియాలో పీక్ రేటులో ప్లగ్ చేస్తే పెట్రోల్ కన్నా ఎక్కువ ఖర్చవుతుంది! ఆఫ్-పీక్ (వాడకం తక్కువుండే వేళ తక్కువ రేటు) ప్లాన్ తీసుకుని అర్ధరాత్రి ఛార్జ్ చేస్తే లెక్క మారుతుంది. మీ బిల్లు తీసి మీ రేటుతో ఇదే గుణకారం చేసుకోండి. కారు అద్దానికి అంటించే స్టిక్కర్ మీద పెద్దక్షరాల్లో కనిపించే ఎంపీజీఈ అంకెని నమ్ముకోకండి. 33.7 యూనిట్ల కరెంటుని ఒక గ్యాలన్‌గా లెక్కగట్టిన అంకె అది, మీ జేబులోంచి పోయే డాలర్లతో దానికి సంబంధం లేదు.

లీజ్ మీద వచ్చే 7,500 డాలర్ల ఫెడరల్ క్రెడిట్ 2025 సెప్టెంబరు 30తో ఆగిపోయింది. కాలిఫోర్నియా కార్‌పూల్ లేన్ స్టిక్కర్లకీ అదే ఆఖరి తేదీ. ఇంకా ఎవరైనా వాటి పేరు చెప్పి ఊరిస్తుంటే జాగ్రత్తపడండి.

ఫోన్ చేసి ఏం అడగాలి

ఊరికే వెళ్ళి నిలబడితే లాట్‌లో ఏది దొరికితే అది ఎక్కిస్తారు. ఫోన్ చేసి మూడు విషయాలు ఖాయం చేసుకోండి.

మొదటిది బ్యాటరీ. 30 శాతం దగ్గర ఉంచమనండి. ఫుల్ ఛార్జ్ మీద ఇస్తే 34 మైళ్ళ దాకా ఇంజన్ మొహం చూడకుండానే డ్రైవ్ అయిపోతుంది. పూర్తిగా ఖాళీగా ఇస్తే కరెంటు మీద ఎలా నడుస్తుందో తెలియదు. లాట్‌లో నెలల తరబడి నిలబెట్టిన ప్లగ్-ఇన్‌లు చాలావరకు ఖాళీగానే ఉంటాయి, కాబట్టి ముందు రోజే అడగాలి. 30 శాతం అంటే సుమారు పది మైళ్ళు కరెంటు మీద, ఆ తర్వాత ఖాళీ బ్యాటరీ. ఒకే డ్రైవ్‌లో అన్ని దశలూ వస్తాయి.

రెండోది సమయం. గంట కావాలని చెప్పండి. శనివారం మధ్యాహ్నం అడిగితే ఇవ్వరు. టెక్సాస్‌లో, న్యూజెర్సీలో ఆదివారం షోరూములు మూసే ఉంటాయి కాబట్టి శనివారం రద్దీ అంతా ఇంతా కాదు. వారం మధ్యలో పొద్దున పది గంటల వేళ అయితే నింపాదిగా ఉంటుంది.

మూడోది చక్రాలు. మీరు కొనబోయే సైజు వీల్స్ ఉన్న కారే కావాలనండి. 21 అంగుళాల వీల్స్‌కీ 19 అంగుళాల వాటికీ గుంతల మీద తేడా నడుము చెబుతుంది.

వెళ్ళాక లైసెన్స్ ఇవ్వండి, ఇన్సూరెన్స్ కార్డు చూపించండి. సోషల్ సెక్యూరిటీ నంబరు అడిగితే ఇవ్వనవసరం లేదు. టెస్ట్ డ్రైవ్‌కి దాంతో పనిలేదు.

స్టార్ట్ చేయకముందు

ఇంట్లో ఉన్న పెద్ద చెకిన్ సూట్‌కేస్ ఒకటి ఖాళీది పట్టుకెళ్ళండి. నవ్వుకుంటే నవ్వుకోనివ్వండి. అమ్మానాన్న ఇండియా నుంచి దిగితే మనిషికి రెండు చొప్పున 23 కిలోల పెట్టెలు నాలుగు, పైన పచ్చళ్ళ డబ్బాల చేతిసంచులు. లగ్జరీ కారు తీసుకుని ఎయిర్‌పోర్ట్‌కి వెళ్ళి పెట్టెల కోసం ఊబర్ పిలుచుకోవడం బాగోదు. ప్లగ్-ఇన్ సెడాన్‌లో బ్యాటరీకో పెట్రోల్ ట్యాంకుకో చోటివ్వాలి కదా, అది చాలాసార్లు డిక్కీ నుంచే కోస్తారు. పాత తరం 530ఈ డిక్కీ 410 లీటర్లు, అదే మోడల్ మామూలు పెట్రోల్‌ది 530. లీటర్ల అంకె కన్నా ఆకారం ముఖ్యం. అడుగు ఎత్తుగా ఉంటే పెట్టె నిలువుగా పట్టదు. పడుకోబెట్టి ఒకటి, పక్కన రెండోది దూరుతుందో లేదో కొలిచి చూడండి.

తర్వాత వెనక సీట్లో కూర్చోండి. మీకన్నా పెద్దవాళ్ళు ఎక్కుతూ దిగుతూ ఉంటారనుకుంటే మోకాళ్ళు ఎంత వంచాల్సి వస్తోందో గమనించండి.

ఛార్జింగ్ మూత ఎక్కడుందో చూడండి. బీఎండబ్ల్యూ, వోల్వోలకి ముందు ఎడమ చక్రం పైన ఉంటుంది, ఎస్-క్లాస్‌కి వెనక ఎడమ వైపు. మీ గరాజ్‌లో ఛార్జర్ ఏ గోడకి ఉంది, కారుని ముందుకు పెడతారా రివర్స్ చేస్తారా అన్నది దీన్నిబట్టే. తీగ కారు మీదుగా వేసుకుని రోజూ బానెట్ గీసుకునేవాళ్ళున్నారు. పెట్రోల్ మూత తెరవడానికి చాలా ప్లగ్-ఇన్‌లలో ఒక బటన్ నొక్కి, ట్యాంక్‌లో ఒత్తిడి తగ్గేదాకా కొన్ని క్షణాలు ఆగాలి. ఆ బటన్ ఎక్కడో ఇప్పుడే అడిగేయండి, లేకపోతే మొదటిసారి బంకులో దిక్కులు చూడాల్సి వస్తుంది.

కరెంటు మీద మొదటి మైళ్ళు

బటన్ నొక్కితే శబ్దం రాదు, డాష్ మీద రెడీ అని మాత్రం వస్తుంది. ఎలక్ట్రిక్ మోడ్ పెట్టండి. పాటలు ఆపించండి, ఫ్యాన్ ఒకటి మీద పెట్టండి. సేల్స్ మనిషి స్పీకర్ల గొప్ప చెప్పబోతే తర్వాత వింటానని చెప్పండి.

లాట్‌లోనే నడక వేగంలో కాస్త ముందుకీ వెనక్కీ నడపండి. 19 మైళ్ళ వేగం లోపల పాదచారుల కోసం కారు ఒక కృత్రిమ శబ్దం చేస్తుంది, చట్టం ప్రకారం చేయాలి. కిటికీ దించి వినండి, అది రోజూ మీ డ్రైవ్‌వేలో వినబోయే శబ్దం. ఏసీ కంప్రెసర్ ఇంజన్‌తో కాక కరెంటుతో తిరుగుతుంది కాబట్టి సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు దాని రొద లోపలికి వినిపిస్తోందా అన్నది కూడా చూడండి. టెక్సాస్ ఆగస్టులో అది గట్టిగానే పనిచేస్తుంది.

బీఎండబ్ల్యూ, మెర్సిడెస్‌లలో మోటారు శక్తి గేర్‌బాక్స్ గుండా చక్రాలకి వెళ్తుంది. అందుకే ఇంజన్ ఆగి ఉన్నా గేర్లు మారుతుంటాయి. ఆ మార్పు తెలుస్తోందా లేదా? తెలియకూడదు. వోల్వో కథ వేరు. దాంట్లో ఇంజన్ ముందు చక్రాలని, మోటారు వెనక చక్రాలని తిప్పుతాయి, మధ్యలో షాఫ్ట్ లేదు. కరెంటు మీద అది వెనక చక్రాల కారు. గేర్ల గొడవ లేదు కాబట్టి ఈ దశలో వోల్వో అన్నిటికన్నా నున్నగా ఉంటుంది.

ఇప్పుడు అసలు పరీక్ష. మీరు రోజూ నడిపే తీరులోనే నడపండి, మెల్లగా కాదు. సిగ్నల్ పచ్చబడగానే మీ అలవాటు ప్రకారం తొక్కండి. ఇంజన్ లేస్తోందా? మెర్సిడెస్‌లో పెడల్ కొంత లోతుకి వెళ్ళాక పాదానికి ఒక అడ్డు తగులుతుంది, దాన్ని దాటి తొక్కితే ఇంజన్ వస్తుంది. మిగతా వాటిలో డాష్ మీద గీత చూపిస్తుంది. మీ మామూలు తొక్కుడుకే ఆ గీత దాటుతుంటే, స్టిక్కర్ మీద ఉన్న మైళ్ళు మీకు రావు. న్యూజెర్సీ, షికాగో వాళ్ళు చలికాలంలో నడిపి చూస్తే మేలు. హీటర్ వేయగానే ఇంజన్ స్టార్ట్ అయ్యే మోడళ్ళున్నాయి.

ఇంజన్ అందుకునే క్షణం

ఇక్కడ తొందరపడకండి. ఈ కార్ల మంచీ చెడ్డా బయటపడేది ఈ ఒకటి రెండు క్షణాల్లోనే.

హైబ్రిడ్ మోడ్‌కి మార్చి హైవే ర్యాంప్ ఎక్కండి. డాలస్ వైపు వాళ్ళకి శామ్ రేబర్న్ టోల్‌వే బాగా పనికొస్తుంది, కాంక్రీట్ రోడ్డు కాబట్టి టైర్ల హోరు కూడా తెలిసిపోతుంది. ర్యాంప్ మీద 40 వేగంలో ఇంజన్ ఆగి ఉండాలి. వెనకాల ఎవరూ లేరని చూసుకుని పెడల్ పూర్తిగా తొక్కండి. అప్పుడు జరిగేది ఇదీ: చల్లగా ఉన్న ఇంజన్ లేవాలి, క్లచ్ పట్టుకోవాలి, గేర్‌బాక్స్ రెండు మూడు గేర్లు కిందికి దిగాలి, అప్పుడు అసలు తోపు రావాలి. 550ఈలో ఈ మధ్య ఖాళీని మోటారు కప్పేస్తుంది, మీకు తెలిసేది ఆరు సిలిండర్ల గొంతు ఒక్కసారి పైకి లేవడం. వోల్వోలో నాలుగు సిలిండర్ల ఇంజన్ నిద్రలోంచి నేరుగా పరుగు అందుకుంటుంది, ఆ గరగర లోపలికి వినిపిస్తుంది. ఆ ధరకి ఆ శబ్దం ఒప్పుకోగలరా అన్నది మీ ఇష్టం. నాకైతే అది ఎస్90లో ఉన్న పెద్ద లోపం.

దీన్ని మొదటి పది నిమిషాల్లోనే చేయాలి, ఇంజన్ వేడెక్కాక చేస్తే మెత్తగానే ఉంటుంది. ఆ తర్వాత దీనికి వ్యతిరేకమైన పరీక్ష. 25 నుంచి 45కి చాలా నెమ్మదిగా పెంచండి, ఇంజన్ ఎప్పుడు వచ్చిందో పాదాల కింద, స్టీరింగ్ మీద తెలుస్తోందా? ఎడిసన్ ఓక్ ట్రీ రోడ్డులో ఆదివారం సాయంత్రం నడిచే నత్తనడక లాంటి ట్రాఫిక్‌లో కూడా నడపండి. వదిలీ తొక్కీ వదిలీ తొక్కీ చేసేటప్పుడు ఆర్టీసీ బస్సు సెకండ్ గేర్‌లా కుదుపొస్తే, ఆ కారు వద్దు. ఇంకా కొత్తది కదా, సర్దుకుంటుందిలే అంటారు. సర్దుకోదు.

బ్యాటరీ సున్నా అయ్యాక

చాలామంది ఈ దశ చూడకుండానే సంతకం పెడతారు. లాంగ్ డ్రైవ్‌లో, ఛార్జ్ చేయడం మర్చిపోయిన రోజున, మూడేళ్ళ తర్వాత ఇల్లు మారి ఛార్జర్ లేని చోటికి వెళ్ళినప్పుడు మీరు నడిపేది ఈ కారునే.

డాష్ మీద కరెంటు మైళ్ళు సున్నా చూపించినా బ్యాటరీలో కొంత నిల్వ ఎప్పుడూ ఉంటుంది, కారు దాన్ని వదలదు. అందుకే సిగ్నల్ దగ్గర ఇంజన్ ఆగడం, మళ్ళీ రావడం కొనసాగుతుంది. ట్రిప్ మీటర్ సున్నా చేసి అప్పటి నుంచి ఎంపీజీ చూడండి. వరసగా రెండుసార్లు పూర్తిగా తొక్కండి. మొదటిసారి వచ్చిన ఊపు రెండోసారి కూడా వచ్చిందా? బీఎండబ్ల్యూలో ఇంజనే బలమైనది కాబట్టి పెద్దగా తగ్గినట్టు అనిపించదు. వోల్వోలో వెనక మోటారుకి కావల్సిన కరెంటుని ముందున్న ఇంజన్ జనరేటర్ ద్వారా పంపాలి, తేడా తెలిసే అవకాశం ఎక్కువ.

ఈ సమయంలో సేల్స్ మనిషి స్పోర్ట్ మోడ్ పెట్టి చూడమంటాడు. వద్దనండి. స్పోర్ట్‌లో ఇంజన్ ఆగకుండా తిరుగుతూ బ్యాటరీని నిలబెడుతుంది, మీరు చూడాలనుకున్న ఖాళీ బ్యాటరీ పరిస్థితి మాయమవుతుంది. బ్యాటరీ హోల్డ్, ఛార్జ్ అనే మోడ్‌లూ ఉంటాయి. హోల్డ్ పనికొస్తుంది, హైవే మీద దాచుకుని ఊళ్ళో వాడుకోవచ్చు. నడుస్తూ ఇంజన్‌తో ఛార్జ్ చేయించడం మాత్రం పెట్రోల్ తగలేయడమే.

బ్రేకులు, బరువు

ఈ కారు బ్రేకు కొంత మోటారు వేస్తుంది, కొంత ప్యాడ్‌లు వేస్తాయి. ఒకదాన్నుంచి ఇంకోదానికి మారేది చివరి ఐదారు మైళ్ళ వేగంలో. ఖాళీ రోడ్డు మీద 40 నుంచి సున్నాకి ఒకే ఒత్తిడితో ఆపండి. చివర్లో తల ముందుకి ఊగకుండా ఆపగలిగితే సరే. మీ ఆవిడో ఆయనో కూడా ఇదే చేసి చూడాలి, పాదం బరువు అందరికీ ఒకటి కాదు.

వోల్వో చూసేవాళ్ళకి ఒక హెచ్చరిక. 2025లో వోల్వో కొన్ని ప్లగ్-ఇన్‌లని రీకాల్ చేసింది, ఎస్90 కూడా వాటిలో ఉంది. ఒక సాఫ్ట్‌వేర్ వెర్షన్ ఉన్న కార్లలో, బీ మోడ్‌లో (పెడల్ వదలగానే మోటారే బ్రేకు పట్టే మోడ్) నిమిషం నలభై సెకన్లు లేదా అంతకన్నా ఎక్కువసేపు పల్లంలో పెడల్ తొక్కకుండా దొర్లితే బ్రేకులు పనిచేయకుండా పోయే ప్రమాదం ఉందని తేలింది. యూజ్డ్ కారైతే డ్రైవ్ చేయకముందే ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైట్‌లో విన్ నంబరు (ఆ కారు గుర్తింపు నంబరు) కొట్టి చూడండి. రిపేరు పెండింగ్ అని వస్తే అది అయ్యాకే ఎక్కండి. బీఎండబ్ల్యూ కూడా 2020లో బ్యాటరీ లోపం వల్ల 330ఈ, 530ఈ లాంటివాటిని వెనక్కి పిలిచి, బాగుచేసేదాకా ఛార్జ్ చేయొద్దంది. పాత 530ఈ చూస్తుంటే ఆ రిపేరు అయినట్టు కాగితం అడగండి.

550ఈ బరువు 5,000 పౌండ్లకి దగ్గర. తిన్నగా పోతుంటే అది హాయిగానే అనిపిస్తుంది. క్లోవర్‌లీఫ్ ఎగ్జిట్ వంపులో, అపార్ట్‌మెంట్ల స్పీడ్ బంప్ మీద అసలు బరువు తెలుస్తుంది. బంప్ దాటాక కారు ఒక్కసారి ఊగి ఆగాలి, రెండోసారి ఊగకూడదు.

యూజ్డ్ అయితే అదనంగా

ఛార్జింగ్ కేబుల్ డిక్కీలో ఉందో లేదో చూడండి, విడిగా కొంటే వందల డాలర్లు. డాష్ మీద కనిపించే మైళ్ళని బట్టి బ్యాటరీ ఆరోగ్యం తేల్చకండి, పాత ఓనరు ఎలా తొక్కాడో దాన్నిబట్టి కారు వేసే అంచనా అది. ఫుల్ ఛార్జ్ చేయించి, మీరే ఖాళీ అయ్యేదాకా నడిపి, ఎన్ని మైళ్ళు వచ్చాయో రాసుకోవడమే దారి. బ్యాటరీ వారంటీ సాధారణంగా 8 ఏళ్ళు లేదా, బ్రాండ్‌ని బట్టి, 80,000 నుంచి 1,00,000 మైళ్ళు. కాలిఫోర్నియా కాలుష్య నిబంధనలు పాటించే రాష్ట్రాల్లో అంతకన్నా ఎక్కువ ఉండొచ్చు, వారంటీ పుస్తకంలో ఆ పేజీ తీసి చూపించమనండి.

ఒక రాత్రి ఇంటి దగ్గర

కొందరు డీలర్లు అడిగితే రాత్రికి ఇస్తారు. ఇవ్వకపోతే, జనం తమ సొంత కార్లని అద్దెకిచ్చే ట్యూరో యాప్‌లో అదే మోడల్ ఒక రోజుకి అద్దెకి దొరుకుతుందేమో చూడండి. ఆ అద్దె దండగ కాదు. మీ గరాజ్‌లో మీ ప్లగ్‌కే పెట్టండి. మామూలు 120 వోల్టుల గోడ సాకెట్ గంటకి ఒకటిన్నర యూనిట్ కన్నా తక్కువే ఇస్తుంది, కాబట్టి 550ఈ నిండడానికి 15, 16 గంటలు పడుతుంది. రాత్రి పదికి పెడితే పొద్దున ఆఫీసు వేళకి సగం చిల్లర నిండుతుంది. మీ రాకపోకలకి అది చాలుతుందా, లేక ఎలక్ట్రీషియన్‌ని పిలిచి 240 వోల్టుల లైను వేయించాలా అన్నది ఆ ఒక్క రాత్రిలో తేలుతుంది. ఆ ఖర్చు కూడా కారు ధరలో కలుపుకోండి.

తిరిగి వచ్చాక సేల్స్ మనిషి తప్పకుండా అడుగుతాడు, ఏం చేస్తే ఈ రోజే తీసుకెళ్తారని. ఫైనాన్స్ గదిలోకి వెళ్ళకండి. అవుట్ ది డోర్ ధర (పన్నులూ ఫీజులూ అన్నీ కలిపింది), లీజ్ అయితే మనీ ఫ్యాక్టర్ (వడ్డీ లెక్క), రెసిడ్యువల్ (లీజ్ చివర కారుకి కట్టే విలువ) ఈమెయిల్‌లో పంపమని చెప్పి తాళం చేతికిచ్చేయండి. కార్లో కూర్చున్నప్పుడే ఫోన్‌లో మూడు ముక్కలు రాసుకుని దిగండి: ఖాళీ బ్యాటరీలో ఎంత ఎంపీజీ వచ్చింది, ఇంజన్ ఎప్పుడెప్పుడు లేచింది, డిక్కీలో పెట్టె పట్టిందా. రెండో డీలర్ దగ్గర రెండో కారు ఎక్కేటప్పుడు ఇవే మూడూ మళ్ళీ రాయండి.